నేలను చదివిన రైతు

వానాకాలంలో యానాం వద్ద గౌతమీ గోదావరి నీళ్ళు ఎర్రమట్టి రంగులో పారుతుంటాయి. ఆ రంగు నీటిది కాదు. నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్ల దారి పొడవునా కొండలనూ పొలాలనూ ఒరుసుకుంటూ మోసుకొచ్చిన మన్ను అది. ఆ మన్నంతా సముద్రంలో కలుస్తుంది. ఊరి పక్కన పారే చిన్న వాగు చేసే పని కూడా ఇదే. గట్టి వాన కురిస్తే చేను కోసుకుపోతుంది. రైతు మళ్ళీ గట్టు వేసుకుంటాడు. కాని పోయిన మన్ను తిరిగి రాదు. అనాదిగా ఇదే జరుగుతూ ఉంటే నేలమీద పొలాలూ కొండలూ ఇంకా ఎలా మిగిలి ఉన్నాయి?

రెండువందల యాభై సంవత్సరాల క్రిందట స్కాట్లాండులో ఒక రైతుకు ఈ ప్రశ్న తోచింది. చాలామందికి ఇలాంటి ప్రశ్నలు తోస్తాయి, మరుసటి రోజుకు మరచిపోతారు. ఆయన మరచిపోలేదు. జవాబు కోసం దాదాపు నలభై ఏళ్ళు రాళ్ళ వెంట తిరిగాడు. ఆయన పేరు జేమ్స్ హట్టన్. నేటి భూవిజ్ఞాన శాస్త్రానికి ఆద్యుడుగా ఆయనను పేర్కొంటారు.

హట్టన్ 1726 జూన్ 3వ తేదీన ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి విలియం హట్టన్ వర్తకుడు, నగర కోశాధికారిగా కూడా పనిచేశాడు. జేమ్స్ పసివాడుగా ఉండగానే ఆయన మరణించాడు. తల్లి పిల్లలను పెంచి, కొడుకును మంచి బడికి పంపింది. పద్నాలుగేళ్ళ వయసులో జేమ్స్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ తర్కశాస్త్రం చెప్పే ఆచార్యుడు ఒకనాడు ఉదాహరణగా ఒక సంగతి ప్రస్తావించాడు. బంగారాన్ని ఏ ఆమ్లమూ ఒంటరిగా కరిగించలేదు. రెండు ఆమ్లాలు కలిసి ద్రవరాజమైతేనే అది కరుగుతుంది. ఆ రోజు చెప్పిన తర్కం సంగతి ఏమోగాని, బంగారం కరిగే ఈ వింత మాత్రం బాలుని మనసులో నాటుకుపోయింది. అప్పటి నుండి రసాయనశాస్త్రం మీద మోజు పెరిగింది.

పదిహేడేళ్ళకు ఇంటివారు ఆయనను ఒక వకీలు దగ్గర పనికి కుదిర్చారు. దస్తావేజుల నకళ్ళు రాయవలసిన కుర్రవాడు తోటి గుమాస్తాలకు రసాయన ప్రయోగాలు చేసి చూపిస్తూ కూర్చునేవాడు. ఈ పని నీకు తగదని చెప్పి ఆ వకీలు మర్యాదగానే పంపించివేశాడు. వైద్యంలో రసాయనశాస్త్రం ఉంటుంది కదా అని హట్టన్ వైద్యవిద్యలో చేరాడు. ఎడింబరోలోనూ పారిస్ నగరంలోనూ చదివి, 1749లో హాలండు దేశంలోని లైడెన్ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందాడు. ఆయన సిద్ధాంత వ్యాసం శరీరంలో రక్తప్రసరణను గురించి రాసినది. అయితే వైద్యం చేసి సంపాదించాలన్న కోరిక మాత్రం కలగలేదు.

సంపాదన వేరే దారిలో వచ్చింది. ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసారం మీరు చూసే ఉంటారు. ఆ రోజుల్లో బ్రిటనుకు అది ఈజిప్టు నుండి దిగుమతి అయ్యేది. హట్టన్, ఆయన మిత్రుడు జేమ్స్ డేవీ కలిసి ఇళ్ళ పొగగొట్టాలలో పేరుకునే మసి నుండి దానిని తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. మిత్రుడు కర్మాగారం నడిపాడు. చేతిలో కొంత డబ్బు ఆడటం వల్ల హట్టన్ ఇతరుల కొలువులో చేరవలసిన అవసరం లేకపోయింది.

తండ్రి ఆస్తిగా ఆయనకు ఎడింబరోకు ఆగ్నేయంగా బెర్విక్‌షైర్ ప్రాంతంలో స్లైహౌసెస్ అనే కమతం సంక్రమించింది. రాళ్ళు నిండి, నీరు నిలిచే నేల అది. పట్నంలో పెరిగిన వైద్య పట్టభద్రుడు దానిని అమ్ముకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం వ్యవసాయం నేర్చుకోవడానికి 1752లో ఇంగ్లండులోని నార్‌ఫోక్ వెళ్ళి ఒక రైతు ఇంట బస చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు నాగలిని, దున్నే మనిషిని కూడా వెంటబెట్టుకు వచ్చాడు. చేలో రాళ్ళు ఏరించాడు, నీరు పోయేందుకు కాలువలు తవ్వించాడు. దాదాపు పద్నాలుగు ఏళ్ళు ఆ కమతాన్ని సాగుచేశాడు.

నార్‌ఫోక్‌లో ఉన్నప్పుడే ఆయనకు ఒక అలవాటు అయింది. దారిలో గొయ్యి కనిపించినా, కాలువ గట్టు కనిపించినా, ఏటి ఒడ్డు విరిగిపడినా ఆగి లోపలి పొరలను పరీక్షగా చూసేవాడు. ఆ పొరలలో ఇసుక, గులకరాళ్ళు, గవ్వలు కనిపించేవి. అవన్నీ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్నవే. అంటే నేడు నాగలి దున్నుతున్న నేల ఒకనాటి సముద్రగర్భం!

తన పొలంలో ఆయన మరొకటి గమనించాడు. మట్టి అనేది రాయి శిథిలమైతేనే పుడుతుంది. గాలి, వాన, మంచు కలిసి రాతిని పగలగొట్టి పొడి చేస్తాయి. పైరు పెరగాలంటే ఈ శైథిల్యం తప్పదు. కాని ఏ వాన మట్టిని పుట్టిస్తున్నదో ఆ వానే దానిని కాలువలలోకి, ఏరులోకి, సముద్రంలోకి ఈడ్చుకుపోతున్నది. ఈ లెక్కన ఒకనాటికి నేల అంతా సముద్రంలో కలిసిపోవాలి. హట్టన్ దైవభక్తి కలవాడు. జీవులు బతకడానికి సృష్టించిన భూమిని సృష్టికర్త ఇలా అరిగిపోయే యంత్రంగా చేసి ఉండడని ఆయన నమ్మకం. అరిగినది మళ్ళీ పూడే ఏర్పాటు ఎక్కడో ఉండాలి. నమ్మకం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. ఆ ఏర్పాటు ఏమిటో కళ్ళతో చూడాలి, ఇతరులకు చూపాలి.

1768 ప్రాంతంలో హట్టన్ పొలాన్ని కౌలుకిచ్చి ఎడింబరో చేరుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్కచెల్లెళ్ళతో కలిసి ఉండేవాడు. ఇంటి నిండా రాళ్ళే. ఎడింబరో ఆనాడు మేధావులకు పుట్టినిల్లు. బొగ్గుపులుసు వాయువును కనుగొన్న జోసెఫ్ బ్లాక్, అర్థశాస్త్రవేత్త ఆడం స్మిత్ ఆయనకు ప్రాణమిత్రులు. ముగ్గురూ కలిసి ఒక గోష్ఠిని నడిపారు. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్ కూడా ఆయన స్నేహితుడే. వేడి ఎంతటి బరువునైనా పైకి లేపగలదని ఆ యంత్రాలు నిరూపిస్తున్న రోజులవి.

వాన పుట్టుకను కూడా హట్టన్ వదలలేదు. చలికాలం ఉదయాన నోటినుండి వచ్చే ఊపిరి పొగలా ఎందుకు కనిపిస్తుంది? వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది. అది చల్లని గాలితో కలిసినప్పుడు మిగులు ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. మేఘాలు, వానలు ఇలాగే ఏర్పడతాయని 1784లో ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఊపిరి విషయంలో, కొన్ని రకాల పొగమంచు విషయంలో అది నిజమే. వానకు ముఖ్యకారణం మాత్రం గాలి పైకి లేచి వ్యాకోచించి చల్లబడటమని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. అయినా ఒక సంగతి గుర్తించాలి. గాలిని ఒక శాస్త్రంగా, నీటిని ఒక శాస్త్రంగా, రాళ్ళను వేరొకటిగా ఆయన విడదీయలేదు. వాన లేకపోతే మట్టి లేదు, మట్టి కొట్టుకుపోకపోతే కొత్త రాయి లేదు.

1785 మార్చి 7వ తేదీన ఎడింబరో రాయల్ సొసైటీ సమావేశంలో హట్టన్ సిద్ధాంతాన్ని మొదటిసారి చదివారు. ఆ రోజు ఆయనకు ఆరోగ్యం బాగాలేదు. ఆయన బదులు జోసెఫ్ బ్లాక్ చదివాడు. తరువాతి భాగాన్ని ఏప్రిల్ 4న హట్టన్ స్వయంగా వినిపించాడు. అందులోని సారాంశం ఇది. నేల మీది రాళ్ళు శిథిలమై, మన్ను నదుల ద్వారా సముద్రం చేరి, అడుగున పొరలు పొరలుగా పేరుకుంటుంది. పై బరువు వల్ల, భూమి లోపలి వేడి వల్ల ఆ పొరలు గట్టిపడి రాళ్ళవుతాయి. ఆ వేడే వాటిని పైకి లేపి కొత్త నేలను తయారుచేస్తుంది. కొన్నిచోట్ల కరిగిన రాయి పగుళ్ళలోకి ఎగదన్ని చల్లబడి గట్టిపడుతుంది. కొత్త నేలమీద మళ్ళీ వాన కురుస్తుంది.

విన్నవారిలో చాలామంది ఒప్పుకోలేదు. ఆనాడు యూరపులో మరొక సిద్ధాంతం రాజ్యమేలుతున్నది. జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో బోధించే వెర్నర్ గొప్ప గురువు. ఆయన శిష్యులు దేశదేశాలా ఉన్నారు. తొలుత భూమినంతటినీ ఒక మహాసముద్రం కప్పి ఉండేదనీ, గ్రానైటుతో సహా రాళ్ళన్నీ ఆ నీటినుండే పేరుకున్నాయనీ వారు నమ్మేవారు. హట్టన్ చెప్పినదానికి కాలం కూడా అడ్డు వచ్చింది. సృష్టి క్రీస్తుకు పూర్వం 4004లో జరిగిందని ఆర్చిబిషప్ అషర్ 1650లో లెక్క కట్టాడు. ఆరువేల ఏళ్ళ కంటె తక్కువ కాలంలో ఒక కొండ అరిగి, సముద్రంలో పేరుకుని, రాయిగా మారి, మళ్ళీ కొండగా లేవడం సాధ్యమేనా?

వాదనలతో తేలే విషయం కాదని హట్టన్‌కు అర్థమయింది. వయసు అరవై సమీపిస్తుండగా గుర్రమెక్కి కొండలవెంట బయలుదేరాడు. గ్రానైటు నీటిలో అన్నిటికంటె ముందు పేరుకున్న రాయి అయితే దానిమీది రాళ్ళు తరువాత వచ్చినవి కావాలి. అలాకాక కరిగిన గ్రానైటు కిందినుండి పైకి వచ్చినదైతే పాత రాళ్ళ పగుళ్ళలోకి చొచ్చుకుపోయి ఉండాలి. 1785లోనే మిత్రుడు జాన్ క్లార్క్‌తో కలిసి గ్లెన్ టిల్ట్ లోయలో వెదికాడు. ఏటి అడుగున నల్లని పొరల రాతిని చీల్చుకుంటూ ఎర్రని గ్రానైటు తీగలు తీగలుగా వ్యాపించి ఉండటం చూశాడు. ఆయన సంబరపడిన తీరు చూసి, వెంట వచ్చిన మనుషులు బంగారమో వెండో దొరికిందనుకున్నారట! గ్రానైటు ఆ నల్లరాతి కంటె చిన్నది. అది వేడికి కరిగి వచ్చినదే.

ఇక మిగిలినది కాలం. 1787లో జెడ్‌బరో అనే ఊరి దగ్గర ఒక ఏటి గట్టున నిలువుగా నిలబడ్డ పాత పొరలమీద అడ్డంగా పరుచుకున్న కొత్త పొరలు ఆయన కంటపడ్డాయి. మరుసటి సంవత్సరం ఇంతకంటె స్పష్టమైన చోటు కోసం వెదుకుతూ, గణితశాస్త్రజ్ఞుడు జాన్ ప్లేఫేర్, ఆ ప్రాంతపు భూస్వామి సర్ జేమ్స్ హాల్‌లను వెంటబెట్టుకుని తూర్పు తీరం వెంబడి పడవలో వెళ్ళాడు. సిక్కర్ పాయింట్ అనే రాతి కొమ్ము దగ్గర పడవ ఆగింది. అలలు కడిగి శుభ్రం చేసిన ఆ రాతిలో కింద బూడిదరంగు పొరలు, పుస్తకాలు నిలువుగా పేర్చినట్లు నిలబడి ఉన్నాయి. వాటి కొసలు తెగి ఉన్నాయి. ఆ తెగిన కొసలమీద ఎర్ర ఇసుకరాతి పొరలు ఏటవాలుగా పరుచుకుని ఉన్నాయి.

ఆ గట్టున నిలబడి హట్టన్ తన మిత్రులకు ఆ రాళ్ళ కథను వివరించాడు. ముందు ఏదో ఒక పాత భూభాగం అరిగి ఆ మన్ను సముద్రం అడుగున అడ్డంగా పేరుకుంది. అది రాయి అయింది. భూగర్భంలోని బలం దానిని మడిచి నిలువుగా నిలబెట్టి నీటిపైకి ఎత్తింది. వానలు, నదులు ఆ కొండలను అరగదీసి చదును చేశాయి. తరువాత వాటిమీద ఎర్ర ఇసుక పరుచుకుంది. అదీ రాయి అయింది. మళ్ళీ పైకి లేచింది. ఇప్పుడు అలలు దానిని కొరుకుతున్నాయి. ఇందులో ప్రతి అడుగూ ఊహకందని కాలం పట్టేదే. వింటున్న ప్లేఫేర్ తల తిరిగిపోయింది. ఆ అనుభవాన్ని ఆయన పదిహేనేళ్ళ తరువాత కూడా మరచిపోకుండా రాశాడు. కింది పొరలు సుమారు 43 కోట్ల సంవత్సరాల నాటివని, పై పొరలు సుమారు 37 కోట్ల సంవత్సరాల నాటివని నేటి లెక్క. రెండింటి నడుమ ఉన్నది అరచేయి మందం కూడా లేని ఒక గీత!

ఇటువంటి గీతను చూడటానికి స్కాట్లాండు దాకా పోనక్కరలేదు. తిరుపతినుండి తిరుమల కొండ ఎక్కే ఘాట్ రోడ్డు పక్కన, అడుగున ఉన్న పురాతన గ్రానైటుకూ పైనున్న గట్టి ఇసుకరాతి పొరలకూ మధ్య ఇలాంటి తెగింపు కనిపిస్తుంది. అక్కడి గీతలో ఇమిడి ఉన్న కాలం దాదాపు 80 కోట్ల సంవత్సరాలని అంచనా. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. బస్సులో ఆ మలుపు దాటే యాత్రికులలో దానిని గమనించేవారు బహు తక్కువ.

హట్టన్ వ్యాసం 1788లో అచ్చయింది. భూమి ఆరంభానికి గాని, అంతానికి గాని రాళ్ళలో తనకు ఆనవాళ్ళు కనిపించలేదని అందులో ఆయన ముగించాడు. ఆరంభమే లేదని ఆయన అనలేదు. కాని విరోధులు అలాగే అర్థం చేసుకున్నారు. భూమికి ఆదిలేదనేవాడు దేవుని కాదన్నట్లేనని నిందించారు. ఐర్లండుకు చెందిన రసాయనవేత్త రిచర్డ్ కిర్వన్ 1793లో తీవ్రంగా ఖండిస్తూ వ్యాసం ప్రకటించాడు. అప్పటికే హట్టన్ మూత్రాశయ వ్యాధితో మంచం పట్టి, శస్త్రచికిత్సలతో బాధపడుతున్నాడు. మత్తుమందులు లేని కాలం అది. ఇంతకాలం వాయిదా వేస్తూ వచ్చిన పెద్ద పుస్తకాన్ని, కిర్వన్ వ్యాసం చేతికందిన మరునాడే రాయడానికి కూర్చున్నాడు. 1795లో అది రెండు సంపుటాలుగా వెలువడింది. వెయ్యి పేజీలకు పైబడిన గ్రంథం. మాట్లాడితే అందరినీ ఆకట్టుకునే మనిషి, రాయడంలో మాత్రం అంత నేర్పరి కాడు. వాక్యాలు చిక్కులు; మధ్యలో పేజీల కొద్దీ ఫ్రెంచి భాష. చదివినవారు కొద్దిమందే.

విరోధుల ప్రశ్నలలో ఒకటి నిజంగా బలమైనది. సున్నపు బట్టీలో రాయిని కాలిస్తే అందులోని వాయువు పోయి సున్నం మిగులుతుంది. మరి భూమి లోపలి వేడికి సున్నపురాయి సున్నమైపోక పాలరాయిగా ఎలా మారుతుంది? సముద్రపు బరువు కింద ఆ వాయువు తప్పించుకోలేదని హట్టన్ జవాబు. దానిని పరీక్షించాలని జేమ్స్ హాల్ ఉబలాటపడ్డాడు. భూమి చేసే మహాకార్యాన్ని మూసలో నిప్పు రాజేసి తేల్చడం హట్టన్‌కు నచ్చలేదు. పెద్దాయన మనసు నొప్పించడం ఇష్టంలేక హాల్ ఆగిపోయాడు. హట్టన్ మరణించిన తరువాత తుపాకీ గొట్టాలలో సుద్దపొడి కూరి, మూసి, కొలిమిలో కాల్చాడు. కొన్ని గొట్టాలు పేలిపోయాయి. నిలిచినవాటిలో సుద్ద పాలరాయివంటి గట్టి రాయి అయింది. ఈ విషయంలో శిష్యుని పట్టుదలే గురువుకు మేలు చేసింది.

హట్టన్ చెప్పలేకపోయిన సంగతులు కొన్ని ఉన్నాయి. భూమి లోపలి వేడి ఎక్కడిదో ఆయనకు తెలియదు. అందులో కొంత భూమి పుట్టినప్పటిది, కొంత రాళ్ళలోని రేడియోధార్మిక పదార్థాల వల్ల కలిగేది. ఆ పదార్థాల సాయంతోనే భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని లెక్కకట్టారు. తొలి రోజుల్లో కరిగిన భూమినుండి వెలువడిన ఆవిరి, బొగ్గుపులుసు వాయువు ఆనాటి గాలిలో ముఖ్యభాగం. ఆవిరి చల్లబడి సముద్రాలయింది. ప్రాణవాయువు అప్పుడు లేదు. అది సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవుల వల్ల సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రిందట గాలిలో చేరింది.

నేల పైకి లేవడానికి అసలు కారణం భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా ఉండి నెమ్మదిగా కదలడమని 1960ల తరువాత స్పష్టమయింది. ఎవరెస్టు శిఖరం కొసన ఉన్నది సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వాననీటిలో కరిగి రాళ్ళను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ వాయువు నదులమీదుగా సముద్రం చేరి, గవ్వలలో ఇమిడి, సున్నపురాయి అవుతుంది. పలకలు ఒకదాని కిందికి ఒకటి దిగినప్పుడు లోపలికి పోయి, అగ్నిపర్వతాల ద్వారా తిరిగి గాలిలోకి వస్తుంది. బ్లాక్ కనుగొన్న వాయువూ, హట్టన్ కనుగొన్న చక్రమూ ఇలా ఒకే కథలో కలిశాయి.

హట్టన్ 1797 మార్చి 26వ తేదీన కన్నుమూశాడు. ఆయన గ్రంథం మరుగున పడిపోయేదే. మిత్రుడు ప్లేఫేర్ 1802లో ఆ సిద్ధాంతాన్ని తేట మాటలలో తిరిగి రాసి దానిని నిలబెట్టాడు. హట్టన్ మరణించిన సంవత్సరమే స్కాట్లాండులో పుట్టిన చార్లెస్ లయల్ దానిని 1830 నుండి మూడు సంపుటాలుగా విస్తరించాడు. వాటిలో మొదటిది 1831లో బీగిల్ ఓడ ఎక్కిన చార్లెస్ డార్విన్ చేతిలో ఉంది. జీవులు మెల్లమెల్లగా మారడానికి కావలసినంత కాలం డార్విన్‌కు ఆ పుస్తకంలో దొరికింది.

చివరి దినాలలో, వ్యాధి కాస్త నెమ్మదించినప్పుడల్లా హట్టన్ మరొక పుస్తకం రాస్తూ ఉండేవాడు. అది రాళ్ళను గురించి కాదు, వ్యవసాయాన్ని గురించి. అది అచ్చుకు నోచుకోలేదు. రాతప్రతి మాత్రం మిగిలింది. ఆయనను ఎడింబరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఖననం చేశారు. నూటయాభై ఏళ్ళపాటు ఆ చోట పేరు చెప్పే రాయి ఒక్కటీ లేదు. 1947లో అక్కడ ఒక శిలాఫలకం అమర్చారు.